పాలు మాన్పిన పందిపిల్లలకు పసుపు, వెల్లుల్లి

చలికాలంలో పాలు మాన్పిన పందిపిల్లలకు మొదటి పది రోజులే గండం. తల్లిపాలలోని చక్కెర పులిసి, పిల్ల కడుపులో ఆమ్లం తయారవుతుంది. పాలు ఆగగానే అదీ తగ్గుతుంది, సొంతంగా ఇంకా సరిపడా ఊరదు. దాణాలోని మాంసకృత్తులు అరగక పేగుల్లోకి దిగి ఈ-కోలై సూక్ష్మజీవులకు మేతవుతాయి. తోక కింద నీళ్లలాంటి పచ్చటి పెంట అంటుకుని, వెంట్రుకలు నిక్కబొడిచాయంటే పారుడు మొదలైనట్టే.

దీనికి విరుగుడని దాణాలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు మానుకోవాలి. ఎదుగుదల కోసం అలా కలపడాన్ని ఐరోపా యూనియన్ 2006లోనే ఆపేసింది. దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని మన కేంద్రం 2019లో నిషేధించింది. సంచి కొనేముందు చీటీ చదవండి.

మానుకోట రైతుకు పసుపు కొత్త కాదు. వంద కిలోల దాణాకు అరకిలో పసుపు, ఎండబెట్టి దంచిన వెల్లుల్లి పొడి అరకిలో కలపండి. రంగు కలిసిన పొడి వద్దు, కేసముద్రం మార్కెట్లో కొమ్ములు కొని పట్టించుకోండి. వెల్లుల్లి ఎక్కువేస్తే ఎక్కువ గుణమనుకోవద్దు. ఘాటుకు పిల్లలు తొట్టి ముట్టవు, మోతాదు మించి చాలాకాలం పెడితే రక్తం తగ్గుతుంది. ఆమ్లం కొరత తీరడానికి నిమ్మ ఉప్పు వందకు కిలో చొప్పున కలపవచ్చు. పుల్లమజ్జిగ పోసినా మంచిదే, కానీ రేకు తొట్టిలో వద్దు, మిగిలింది పూటపూటకీ పారబోయాలి.

ఇవి మందులు కావు. అసలు పని మేత మార్పిడిలో ఉంది. రెండు వారాల వయసు నుంచే, తల్లి దూరలేని మూలలో పిల్లల దాణా రుచి చూపించాలి. పాలు మాన్పాక వారం పాటు అదే దాణాను రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. జనగామ హైవే హోటళ్ల మిగుళ్లు చవకే, కానీ ఈ వయసు పిల్లలకు అసలొద్దు. పెద్దవాటికైనా అరగంట ఉడికించకుండా పెట్టకండి.

రాత్రిళ్లు పొడి వరిగడ్డి మందంగా పరచండి. తడి నేల మీద పడుకున్న పిల్లకు ఏ పసుపూ పనిచేయదు.

భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో పందులను బయట తిరగనివ్వకండి, అడవిపందుల నుంచి క్లాసికల్ స్వైన్ ఫీవర్ అంటుతుంది. దానికి రెండు నెలల వయసులో టీకా వేయించడమే దారి. పెంటలో రక్తం పడినా, జ్వరంతో పిల్ల మూలకు ముడుచుకున్నా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, ఆ పిల్లను అదే పూట వేరుచేయండి.