ఆసుపత్రి గోడ మీది కాగితాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు, చదువుల గురించీ ఉద్యోగాల గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉంటారు, మేము ఆసుపత్రి గోడ గురించి రాస్తామన్నాం. ఆయన నవ్వి సరేనన్నారు. ఐదో తరగతి నుంచి పది దాకా ఈ హాస్టల్లోనే ఉండి ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. అందుకని ఇంట్లో ఏ కాగితం వచ్చినా మా చేతికే ఇస్తారు. ఇవ్వని కాగితాలు కూడా కొన్ని ఉంటాయి. అవి గోడల మీద ఉంటాయి.

తమ్ముళ్ళూ, మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఓపీ చీటీ రాసే కిటికీ పక్కన గోడంతా కాగితాలే. టీకాల రోజులు, కుక్క కాటు, ఆరోగ్యశ్రీ, మలేరియా. వాటి కింద బల్ల మీద మన అమ్మానాన్నలు గంటసేపు కూర్చుంటారు. ఒక్కటీ చదవరు. చదవలేరు.

మేము పదో తరగతిలో ఉన్న ఏడు నాయనకు దగ్గు పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నెల రోజులు సూదులు, సీసాలు అయ్యాక ఆశా కార్యకర్త బలవంతం మీద దవాఖానకు పోయి తెమడ పరీక్ష చేయించుకున్నాడు. టీబీ అని తేలింది. రెండు నెలలు మందులు మింగాడు. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఒళ్ళు తేరుకుంది. ఇక బాగైందనుకుని మిరపకాయలు ఏరడానికి కూలికి పోయాడు. మందులు ఇంట్లోనే ఉండిపోయాయి. సంక్రాంతి సెలవులకు మేము ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ దగ్గు, ఈసారి తెమడలో నెత్తురు.

నాయనను తీసుకుని వెళ్ళిన రోజు ఆయన కూర్చున్న బల్లకు సరిగ్గా పైన ఒక కాగితం ఉంది. "క్షయ వ్యాధిగ్రస్తులు చికిత్సను నిరంతరాయంగా కొనసాగించవలెను" అని. రెండు నెలలు ఆయన ఆ కాగితం కిందే కూర్చుని మందులు తెచ్చుకున్నాడు. క్షయ అంటే టీబీ అని ఆయనకు తెలియదు. నిరంతరాయం సంగతి చెప్పనక్కరలేదు. మేమో, క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ మందు ఎన్ని నెలలు మింగాలో మాత్రం ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

తర్వాత తెలుసుకున్నది చెబుతాం. మామూలు మందులకు లొంగే టీబీకి ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు, తర్వాతి నాలుగు నెలలు మూడు రకాలు. చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చస్తాయి కాబట్టి మనిషికి తేలిక అనిపిస్తుంది. మందకొడిగా ఉన్నవి లోపలే ఉంటాయి. వాటి కోసమే మిగిలిన నాలుగు నెలలూ. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాదు, క్రిములు మందుకు మొండికేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే నాయన తెమడను జిల్లా ఆసుపత్రికి పంపి పరీక్షించారు. మందుకు లొంగే రకమేనని కాగితం వచ్చేదాకా అమ్మ సరిగా అన్నం తినలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి పూర్తి చేశాడు. ఇప్పుడు బాగున్నాడు.

ఇంకొక మాట. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. నెత్తురనుకుని భయపడి మానేసినవాళ్ళు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. గోడ మీది కాగితంలో ఈ ముక్క లేదు. టీబీ రోగికి పోషణ కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. పేరు నమోదయ్యాక ఖాతా నంబరు సరిగా ఎక్కిందో లేదో చూసే పని కూడా చదువుకున్నవాళ్ళదే.

కుక్క కాటు చీటీ మరో తిరకాసు. మన హాస్టల్ తమ్ముడొకడిని దసరా సెలవుల్లో కుక్క కరిస్తే, చీటీ మీద 0, 3, 7, 28 అని రాసిచ్చారు. ఇంట్లో సున్నా ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి సూది వేసిన రోజే సున్నా. అది సోమవారమైతే మూడు అంటే గురువారం, ఏడు అంటే మళ్ళీ సోమవారం, ఇరవై ఎనిమిది అంటే నాలుగు వారాల తర్వాతి సోమవారం. సర్కారు దవాఖానలో చర్మంలోకి వేసే సూదుల లెక్క ఇది. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజు కూడా ఉంటుంది కనుక పక్కింటివాళ్ళకు ఐదు వేశారే అని కంగారుపడొద్దు. అన్నిటికంటే ముందు పుండును సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ తమ్ముడి కాలికి వాళ్ళు కారం అద్దారు. మా ఊళ్ళోనూ అదే చేస్తారు.

పథకాల కాగితాలు చదివేముందు తేదీ చూడండి. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల వరకు అన్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పేరే మారి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పాత కాగితాన్ని ఎవరూ పీకరు, దాని పక్కనే కొత్తది అంటిస్తారు. పథకం కింద ఉన్న ఆసుపత్రిలో చేరాల్సి వస్తే డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్ర కౌంటరు ఎక్కడని అడగాలి. కట్టాక అడిగితే చాలా తిరగాలి.

మొన్న వేసవిలో దవాఖాన నర్సమ్మను అడిగి ఒక చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి బల్ల ఎదురుగా అంటించాం. "టీబీ మందు ఆరు నెలలు. దగ్గు తగ్గినా ఆపొద్దు. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దు. అనుమానముంటే అడుగు." ఆమె చూసి, చదువు రానివాళ్ళకు ఇది కూడా అంతే కదయ్యా అంది. నిజమే. అందుకని అక్కడున్నంతసేపూ బల్ల మీద కూర్చున్నవాళ్ళకు పైకి చదివి వినిపించాం. ఒక ముసలామె రెండోసారి చదవమంది.