ఆస్టిల్బీ మొక్కయు, రెండు విధముల నీడయు

నీడ యనిన నంతయు నొక్కటే యని మనము సాధారణముగా తలంతుము. చింతచెట్టు క్రింది నీడను, బావి యొరలోని నీడను పోల్చి చూచినచో నది నిజము కాదని తెలియును. చింతచెట్టు క్రింద ఎండ సోకకున్నను నేల పొడిగా నుండును. ఏలయన వేళ్ళు తేమను పీల్చివేయును, చిన్న చినుకులను కొమ్మలే యడ్డగించును. బావిలోపలి రాళ్ళ సందులలో నన్ననో చిన్న పర్ణాంగములు వేసవియందును పచ్చగా నుండును. శీతలదేశముల తోటలలో పేరుగాంచిన ఆస్టిల్బీ యను పూలమొక్క పెంపకమంతయు ఈ భేదమును గ్రహించుటలోనే యున్నది. అది నీడమొక్క యని మాత్రమే విని, పెద్దచెట్ల మొదళ్ళ పాతి, మరుసటి వేసవికే పోగొట్టుకొనువారు పలువురు కలరు. వారు నీడను నిందింతురు; దోషము దప్పికది.

ఆస్టిల్బీ బహువార్షికము. చలికాలమున పైభాగమంతయు ఎండిపోవును. నేలలోని గట్టి కొమ్ము బ్రదికియుండి వసంతమున మరల చిగిర్చును. ఆకులు మూడేసి భాగములుగా పలుమారులు చీలి పర్ణాంగముల ఆకులను తలపించును. జూను మొదలు ఆగస్టు వరకు, జాతిని బట్టి, తెలుపు, గులాబి, ఎఱుపు, ఊదా వన్నెల పూలు వింజామరములవలె పైకి లేచును. ఒక్కొక్క పూవు మిక్కిలి చిన్నది. గ్రీకు భాషలో ఆస్టిల్బీ యనగా 'కాంతి లేనిది' అని యర్థము.

ఈ పేరు పెట్టినవాడు మన దేశమున ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్. ఆయన 1802, 1803 సంవత్సరములలో నేపాళమున మొక్కలను సేకరించెను. డేవిడ్ డాన్ అను శాస్త్రజ్ఞుడు 1825లో ఈ ప్రజాతిని గ్రంథస్థము చేసెను. హిమాలయములందు పెరుగు జాతికి 'రివ్యులారిస్' అని పేరు. వాగులకు సంబంధించిన దని దాని భావము. మొక్క నివాసమును పేరే చెప్పుచున్నది గదా! ఫ్రెంచి మిషనరీ ఆర్మాండ్ డేవిడ్ పేరు ధరించిన చైనా ఆస్టిల్బీని, జపాను జాతులను సంకరము చేసి, జర్మనీలో రోన్స్‌డార్ఫ్ పట్టణమందలి గెయోర్గ్ ఆరెండ్స్ అనేక తోటరకములను పుట్టించెను. వానిలో ముదురెఱుపు పూల 'ఫనాల్' 1933 నాటిది. జర్మను భాషలో నా మాటకు సంకేతజ్వాల యని యర్థము. కాంతిలేని దనిపించుకొన్న వంశమునుండి జ్వాల పుట్టుట వింతయే.

ఇక పెంపకము. పలుచని ఆకులు అనేకముగా నుండుటచే ఆవిరియై పోవు నీరు అధికము. దానికి తగినంత వేళ్ళ నుండి రానిచో ముందుగా ఆకుల అంచులు గోధుమవన్నెకు మారి పెళుసుబారును. దీనిని తెగులని భ్రమించి మందులు చల్లుట వ్యర్థము. వాన లేని వారమున 2.5 సెంటీమీటర్ల వానకు సమానమైన నీరు పోయవలయును. ఒక చదరపు మీటరు నేలకు ఇది 25 లీటర్లగును. లెక్క నేర్చిన బాలురు గుణించి చూచుకొనవచ్చును. దినదినము పైపైన చిలుకరించుటకంటె వారమున కొకటి రెండు పర్యాయములు లోతుగా తడుపుట మేలు. నేలలో చివికిన ఆకుల యెరువును విరివిగా కలిపి, పైని ఆకుచెత్త కప్పినయెడల తేమ నిలుచును. అయితే చలికాలమున నీరు నిలిచి కదలని బంకనేలలో కొమ్ము కుళ్ళును.

చోటు విషయమున మా యభిప్రాయ మిది: మేపుల్ వంటి చెట్ల క్రిందికంటె ఇంటికి ఉత్తరపు గోడ ప్రక్క మేలు. గోడ నీడ నిచ్చునుగాని నీరు త్రాగదు. చూరు వానను తప్పించునట్లు మరీ దగ్గరగా మాత్రము పాతరాదు. ఉదయపు టెండ కొంత తగిలిన పూలు హెచ్చు. గాఢమైన నీడలో ఆకులే మిగులును. కొంత పొడినేల తప్పనివారు చైనా జాతిని ఎన్నుకొనుట మంచిది; అది తక్కినవానికంటె ఓర్పు గలది.

మన మైదానములలో దీనిని పెంచరాదా యని విద్యార్థు లడుగుదురు. నీరెంత పోసినను ఇచ్చట దానికి చలికాలపు నిద్ర దొరకదు. కుండీలలో ముందుగా పూయింపదలచిన తోటవారుకూడ తొలుత దానిని కొన్ని వారములు చలిలో నుంచెదరు. అమెరికా ఉత్తర రాష్ట్రములందు స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారి పెరడులలో నన్ననో ఇది చక్కగా బ్రదుకగలదు.

మూడు నాలుగేండ్ల కొకమారు కొమ్ము నడిమి భాగము ముదిరి పూత తగ్గును. అప్పుడు వసంతారంభమున త్రవ్వి, ఒక్కొక్క ముక్కకు రెండు మూడు మొగ్గలుండునట్లు పదునైన కత్తితో కోసి, మొగ్గలు మట్టితో కొంచెము కప్పబడునట్లు 45 సెంటీమీటర్ల యెడముగా పాతవలయును. కోసిన ముక్కలను ఎండలో నుంచక తడిగోనెలో చుట్టి, ఆ దినముననే నాటి నీరు పోయవలెను.