పాత కారు స్లోలో ఎందుకు ఆగిపోతుంది?

చిట్టమూరు ప్రాంతంలో పాత పెట్రోలు అంబాసిడర్ కారు ఉన్న సభ్యులు తరచుగా చెప్పే మాట ఇది: "రోడ్డుమీద బాగానే పోతుంది. స్లో చేస్తే ఇంజన్ వణికి ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరకు తీసుకుపోతే ఏ జబ్బూ కనపడదు." ఉదయం పాల క్యాన్లు వేసుకొని బయలుదేరినప్పుడు ఇలా జరిగితే పాలకే నష్టం. వచ్చి పోయే ఈ జబ్బును పట్టుకొనే విధం తెలుసుకుందాం.

సంఘంలో పాలు విరిగితే అన్ని పాలూ పారబోయం. ఒక్కొక్క క్యానులో కొంచెం తీసి కాచి చూస్తాం. కారుకూ ఇదే పద్ధతి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కాబట్టి మంచి సామాను దొరకడం కష్టం. మేము ఒక కారుకు ప్లగ్గులు, కాయిల్, కార్బొరేటర్ కిట్టు వరుసగా మార్పించాం. చివరకు తేలినది, కార్బొరేటర్‌ను బిగించే నట్టు ఒకటి వదులైందని! స్పానరుతో బిగిస్తే సరిపోయింది.

మొదట ఒక కాగితంమీద రాసుకోవాలి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? వానలోనా? దీపం ఊదినట్టు టక్కున ఆగితే ఎక్కువగా కరెంటు లోపం. దగ్గి దగ్గి ఆగితే పెట్రోలు లోపం అనుకోవచ్చు. తరువాత ఈ మూడూ చూడాలి.

1. గాలి: స్లోలో ఇంజన్ పీల్చే గాలి తక్కువ, పీల్చే బలం ఎక్కువ. అందుచేత చిన్న సందులోంచి దొంగగాలి పోయినా ఇంజన్ వణుకుతుంది. వేగంలో అది తెలియదు. ఇంజన్ నడుస్తుండగా కార్బొరేటర్ అతుకులమీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. శబ్దం మారిన చోటే సందు ఉంది.

2. కరెంటు: పులికాట్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు తీగ తుప్పు పడతాయి. వాటిని గీకి బిగించాలి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. చీకటిలో బానెట్ ఎత్తి చూస్తే, పాడైన ప్లగ్గు తీగల దగ్గర నీలి మెరుపులు కనపడతాయి. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయితే కాయిల్‌ను, కండెన్సర్‌ను అనుమానించాలి.

3. పెట్రోలు: ఆగిన వెంటనే టాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి నడిస్తే, మూతకున్న గాలిరంధ్రం మూసుకుపోయిందన్నమాట. ఎండలో ఆగితే పెట్రోలు పంపుమీద తడిగుడ్డ వేసి చూడండి. నడిస్తే, వేడికి పెట్రోలు ఆవిరవుతున్నదని అర్థం. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేక మెత్తబడి పగులుతాయి. టాంకులో నీరు చేరితే ఇథనాల్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది. కాబట్టి గొట్టాలను, ఫిల్టరును తప్పక చూడాలి.

పెట్రోలు గొట్టం విప్పేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, రెండు రోజులు నడిపి చూడండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. తెలియని జబ్బు మళ్లీ వస్తుంది, అదీ పాలవేళకే!