కరెంటు లేని చలికాలంలో కళ

కరెంటు పోగానే మన ఇళ్ళలో సాధారణంగా వినిపించే మాట "ఇక ఏ పనీ సాగదు" అని. మరోవైపు, కష్టాలే కళాకారుణ్ణి తయారుచేస్తాయని చెప్పేవారూ ఉన్నారు. ఈ రెండు మాటల్లో ఏది నిజం? ఒక చారిత్రక ఉదాహరణ తీసుకుని ఈ వారం పరిశీలిద్దాం.

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 సెప్టెంబరు 8న, జర్మన్ సేనలు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరానికి భూమార్గాలన్నీ మూసివేశాయి. ఆ నగరమే నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్. ముట్టడి 1944 జనవరి 27 వరకు సాగింది. అన్నిటికంటె ఘోరమైనది మొదటి చలికాలం. ఇంధనం నిండుకున్నందున ఇళ్ళకు కరెంటు ఆగిపోయింది. ట్రాములు దారిలోనే నిలిచిపోయాయి. కుళాయిలు గడ్డకట్టగా, ప్రజలు నేవా నదిపై మంచును పగులగొట్టి నీళ్ళు తోడుకున్నారు. నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు, కార్మికులు కాని సామాన్య పౌరులకు రోజుకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దొరికింది. లక్షలాదిమంది ఆకలితో మరణించారు.

ఆ నగరంలోని హెర్మిటేజ్ ప్రపంచ ప్రసిద్ధి గాంచిన మ్యూజియం. యుద్ధం మొదలైన కొద్ది వారాలకే అక్కడి పది లక్షలకు పైగా కళాఖండాలను రెండు రైళ్ళలో దూరప్రాంతానికి తరలించారు. గోడలమీద ఖాళీ చట్రాలు మిగిలాయి. భవనం క్రింది నేలమాళిగల్లో 12 బాంబు రక్షణ గదులు ఏర్పాటు చేసి, ఉద్యోగులు, కళాకారులు, పండితులు కుటుంబాలతో అక్కడ తలదాచుకున్నారు.

వారిలో అలెగ్జాండర్ నికోల్‌స్కీ అనే వాస్తుశిల్పి ఒకరు. ఆయన ఆ మసక వెలుతురులో తన ఎదుట ఉన్నవాటినే గీశాడు: కమాను కప్పుల క్రింద పడకలు, పడుకున్న మనుషులు, నిర్మానుష్యమైన మ్యూజియం గదులు. దినచర్య కూడా వ్రాశాడు. శత్రువును ఓడించి వచ్చే సైనికులకు స్వాగతం పలికే విజయతోరణాల నమూనాలు సైతం అక్కడే గీశాడు. ఆ బొమ్మలను తోటివారికి చూపించాడు.

అదే డిసెంబరులో హెర్మిటేజ్ పండితులు మధ్య ఆసియా మహాకవి అలీషేర్ నవాయీ 500వ జయంతిని జరిపారు. అందుకోసం మిఖాయిల్ మోఖ్ అనే కళాకారుడు పింగాణి పాత్రలపై నవాయీ కావ్య ఘట్టాలను చిత్రించాడు. వాటిని కాల్చే కొలిమికి కరెంటు ఎక్కడిది? దగ్గరలో నేవా నదిలో నిలిచి ఉన్న "పోలార్ స్టార్" అనే నౌక నుండి తీగ వేసి మ్యూజియానికి కొంత విద్యుత్తు ఇచ్చారు. ఆ కొద్దిపాటి శక్తితోనే పాత్రలు కాలాయి. సభలో నికొలాయ్ లెబెదెవ్ అనే పండితుడు తాను అనువదించిన నవాయీ కవితలు చదివాడు. అప్పటికే ఆకలితో కృశించిన ఆయన కొద్ది రోజులకే మరణించాడు.

ఇందులో మనం గ్రహించవలసినవి మూడు.

మొదటిది: కష్టం కళను పుట్టించదు. లెబెదెవ్‌ను ఆ కష్టమే బలిగొన్నది. నికోల్‌స్కీ చేతికి గీత ఆ చలికాలంలో అబ్బినది కాదు. ఏళ్ళ తరబడి చేసిన సాధన అది. కాబట్టి బాధను పొగడవద్దు. ఆకలితో ఉన్నవారికి కళను గురించిన ఉపదేశం కంటె ముందు అన్నం అందించాలి.

రెండవది: ఉన్న కొద్ది వెలుగును దేనికి వాడాలో వారు నిర్ణయించుకున్నారు. కరెంటు వచ్చాక చూద్దాం అనుకుంటే ఆ పాత్రలు లేవు, ఆ బొమ్మలూ లేవు. పోయినదాన్ని లెక్కించడం మాని, చేతిలో మిగిలిన పెన్సిలును వారు చూసుకున్నారు.

మూడవది: వారు తమకోసం మాత్రమే పనిచేయలేదు. 1942 వసంతకాలంలో మ్యూజియం శుభ్రం చేయడానికి వచ్చిన సైనిక విద్యార్థులకు పావెల్ గుబ్‌చెవ్‌స్కీ అనే ఉద్యోగి కృతజ్ఞతగా మ్యూజియం తిప్పి చూపించాడు. ఒక్కొక్క ఖాళీ చట్రం ముందు నిలబడి, అందులో ఉండిన చిత్రాన్ని మాటలతో వర్ణించాడు. విన్నవారి మనసుల్లో ఆ చిత్రాలు నిలిచాయి. పంచుకోవాలన్న కోరిక ఉన్నచోట ఖాళీ చట్రం కూడా పాఠం చెబుతుంది.

తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు రాని ఊళ్ళు మనకు తెలియనివి కావు. లెనిన్‌గ్రాడ్ బాధతో వాటిని పోల్చనక్కర లేదు. కాని అటువంటి రాత్రి మీ ఇంటికి వస్తే, ముందు పొరుగింటి ముసలివారికి నీళ్ళు, భోజనం ఉన్నాయో లేదో కనుక్కోండి. తరువాత దీపం చుట్టూ పిల్లలను కూర్చోబెట్టి, గోడమీది నీడలను గీయమనండి. అమ్మమ్మకు వచ్చిన పాట ఒకటి వ్రాసుకోమనండి.

ఆలోచించండి: నాకు తెలిసిన విద్యలో దీపపు వెలుగులోనైనా సాగేది ఏది? దానిని ఈనాడు, కరెంటు ఉండగానే, రోజూ కొంత సాధన చేస్తున్నానా? దానిని ఎవరితో పంచుకుంటున్నాను?