గ్యాస్ మాత్రతో పోని మంట

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర కొల్లేటి పల్లె. మామగారికి 71 ఏళ్లు. చెరువు పట్టుబడంటే చీకటితోనే గట్టు మీదికెళ్లి కాటా దగ్గర లెక్క చూసుకునేవారు. అత్తయ్యగారు పోయి ఏడాదవుతోంది. మొన్న పట్టుబడి జరిగితే రేటెంతని కూడా అడగలేదు. కడుపులో మంటంటారు. ఏలూరులో ఎండోస్కోపీ చేయించాం, ఏమీ లేదన్నారు. మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. చిక్కిపోయారు, పేర్లు మర్చిపోతున్నారు. ఆర్ఎంపీ గారు నిద్రమాత్ర ఇస్తున్నారు. తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు పది రోజులు పంపిస్తే సర్దుకుంటారంటోంది. ఇదంతా వయసు వల్లేనా?

జవాబు: రేటు అడగలేదన్న మీ మాట నాకు ఎండోస్కోపీ రిపోర్టు కన్నా ఎక్కువే చెప్పిందమ్మా. ఇష్టమైన పని మీద ధ్యాస పోవడం, తెల్లవారుజామునే మెలకువ, తిండి తగ్గి చిక్కిపోవడం రెండు వారాలు దాటాయంటే డిప్రెషన్‌ని అనుమానించాలి. మన పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. మంట, గుంజుడు, నీరసం అంటారు. ఆ మంట నటన కాదు, ఆయనకు నిజంగానే ఉంటుంది. భార్య పోయిన దుఃఖమేలే అని ఏడాది తర్వాత కూడా సరిపెట్టుకోకండి.

మతిమరుపు మాటకొస్తే, డిమెన్షియా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. ముందు కనిపెట్టేది సాధారణంగా ఇంట్లోవాళ్లే. డిప్రెషన్‌లో నెలల్లోనే మొదలవుతుంది, నాకేం గుర్తుండట్లేదని మనిషే వాపోతాడు. రెండూ కలిసి ఉండొచ్చు, ఒంట్లో వేరే లోపమూ ఉండొచ్చు కాబట్టి థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం పరీక్షలు చేయించండి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా అలా చేస్తుంది.

నిద్రమాత్ర ఈ జబ్బుకు మందు కాదు. రాత్రి బాత్రూముకి లేచి తూలి పడితే తుంటి విరుగుతుంది. అలాగని ఒక్కసారిగా మానిపించొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. మానసిక వైద్యులు ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటివి చిన్న మోతాదులో మొదలుపెడతారు. గుణం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు, ఈ వయసులో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. రెండో వారానికే పనిచేయట్లేదని ఆపేసేవాళ్లు ఉంటారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. బీపీకి నీరుమాత్ర వేసుకుంటుంటే ముందే చెప్పండి, రెండూ కలిస్తే సోడియం పడిపోవచ్చు.

ఆడపడుచు ఇంటికి పంపండి, కానీ వైద్యం మొదలయ్యాక, మందులతో సహా. ఇంట్లో పురుగుమందులుంటే తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. బతకాలని లేదా అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. బతకాలని లేదని ఆయనంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే, ఉచితంగా.

2023లో వైద్య కళాశాల వచ్చిన ఏలూరు పెద్దాసుపత్రిలో మానసిక విభాగానికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు చీటీలన్నీ, ఆర్ఎంపీ గారిచ్చిన మాత్ర అట్టతో సహా, పట్టుకెళ్లండి.