చిన్న టెలిస్కోపు కొన్నవాళ్లకు

సైన్సు మాస్టారుగా పనిచేసినన్నాళ్లూ, రిటైరై నంద్యాలలో స్థిరపడ్డాక కూడా నాకున్నది ఒకటే టెలిస్కోపు. ముందు కటకం వెడల్పు 70 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 700. పిల్లల పుట్టినరోజుకని తల్లిదండ్రులు కొనేది కూడా ఇంచుమించు ఇలాంటిదే. నెల తిరక్కుండానే అది అటకెక్కడం చాలా ఇళ్లలో చూశాను. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇవి రాస్తున్నాను.

1. పెట్టె మీద వేసిన అంకెను పట్టించుకోకండి. 525 రెట్లు అని ఉంటుంది. 700ని 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగించి, దానికి మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే కాగితం మీద ఆ లెక్క వస్తుంది. కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లయితే దానికి రెట్టింపు దాకానే పనికొచ్చే పెంపు. అంటే మనకు 140. ఆపైన బొమ్మ ఉబ్బుతుంది, వివరం ఒక్కటీ పెరగదు. 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 28 రెట్లు వస్తుంది. ఏ రాత్రయినా దాంతోనే మొదలుపెట్టండి. గ్రహాలకు 10 మిల్లీమీటర్లది పెడితే 70 రెట్లు. ఈ రెండూ చాలు.

2. ఫైండర్‌ని పగలే సరిచేసుకోండి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను పెద్ద గొట్టంలో మధ్యకు తెచ్చి, తర్వాత ఫైండర్ మరలు తిప్పి అదే కొసను దాని గీతల మధ్యకు తేవాలి. మొదటి రాత్రి ఏమీ కనబడలేదని వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేయనిది ఈ పనే.

3. సూర్యుడి వైపు టెలిస్కోపు తిప్పకండి. గొట్టం ముందు మూతికి పూర్తిగా బిగించే సోలార్ ఫిల్టర్ ఉంటేనే చూడాలి, అప్పుడు కూడా ఫైండర్‌కి మూత పెట్టాలి. కొన్నిటితో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల అద్దం ఇస్తారు. అది వేడికి పగిలిపోవచ్చు, కన్ను క్షణంలో పోతుంది. దాన్ని ఇవాళే పారేయండి.

4. చంద్రుణ్ణి పౌర్ణమి నాడు చూడకండి. ఎండ నిలువునా పడుతుంది కనుక నీడలుండవు, అంతా చదునుగా, కళ్లు చెదిరేలా ఉంటుంది. చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత. శుక్లపక్షంలో పంచాంగం దగ్గర పెట్టుకుంటే ఏ రోజు ఏది చూడాలో తేలిపోతుంది. షష్ఠి నాడు థియోఫిలస్, సిరిల్లస్, కేథరీనా అనే మూడు బిలాలు వరసగా తేలతాయి. అష్టమికి టాలమీ, అల్ఫోన్సస్, అర్జాచెల్. దశమికి కోపర్నికస్, దాని అడ్డం 93 కిలోమీటర్లు.

అక్కడితో ఆగిపోకండి. ఆ గీతకు అవతల, చిమ్మచీకట్లో, విడిగా ఒక వెలుగు చుక్క కనబడితే దాని మీదే కన్ను పెట్టి ఉంచండి. అది ఒక కొండ శిఖరం. కింద నేలకింకా తెల్లవారలేదు, కొసకు మాత్రం ఎండ తగిలింది. గంట తర్వాత మళ్లీ చూస్తే ఆ చుక్క సాగి ఉంటుంది, పక్కన ఇంకోటి వెలిగి ఉంటుంది. చంద్రుడి నడుము దగ్గర ఆ గీత గంటకు సుమారు 15 కిలోమీటర్లు జరుగుతుంది. మనం సైకిలు తొక్కినంత వేగం. మరో లోకంలో తెల్లవారడాన్ని మన పెరట్లో కూర్చుని చూడొచ్చు. ఇంతకన్నా గొప్ప దృశ్యం ఈ గొట్టంలో మరొకటి లేదని నా నమ్మకం.

5. గురుగ్రహాన్ని వరసగా కొన్ని రాత్రులు చూసి, ప్రతిసారీ నోటుబుక్కులో ఒక వృత్తం గీసి చుక్కలు పెట్టండి. 1610 జనవరి 7న గెలీలియోకి కనబడ్డవి మూడే చుక్కలు. నాలుగోది 13న చూశాడు. ఆయన కటకం కన్నా మీది చాలా మెరుగు. నాలుగు చంద్రుల్లో అయో ఒక చుట్టు తిరగడానికి పట్టేది 42 గంటలన్నర. గ్రహానికి దగ్గరగా ఉన్నప్పుడు రెండు గంటల్లోనే దాని కదలిక తెలిసిపోతుంది. గ్రహం మీది రెండు గోధుమరంగు పట్టీలకు మాత్రం ఓపిక కావాలి. మొదటి నిమిషంలో కనబడవు, పదో నిమిషంలో కనబడతాయి.

6. శని వలయాలు 2025 మార్చిలో మన చూపుకు అంచుగా తిరిగి సన్నని గీతయ్యాయి. ఇప్పుడు మెల్లగా తెరుచుకుంటున్నాయి, 2032 ప్రాంతానికి బాగా విచ్చుకుంటాయి. పక్కన టైటన్ కూడా దొరుకుతుంది. శుక్రుడు నెలవంకలా మారే రోజులు ముచ్చటగా ఉంటాయి. కుజుడు భూమికి దగ్గరగా వచ్చే రోజుల్లో తప్ప ఎర్ర చుక్కే.

7. ఎండాకాలం డాబా ఎక్కకండి. రాత్రి పదయినా శ్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది, ఆ గాలి గుండా చూస్తే గురుడి అంచు మరిగే నీళ్లలా కదులుతుంది. కటకం మంచిది కాదని అప్పుడే చాలామంది అనుకుంటారు. మట్టి నేల మీద, పెరట్లో పెట్టండి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకుండా పొట్టిగా ఉంచి, కుర్చీలో కూర్చుని చూస్తే వణుకు సగం తగ్గుతుంది.

8. పెళ్లిలో చూపించే అరుంధతిని మళ్లీ చూడండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పొద్దుగూకాక సప్తర్షి మండలం ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని అంటుకుని ఉన్న సన్నని చుక్క అరుంధతి. గొట్టంలో చూస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. మా వీధిలో కొత్తగా పెళ్లయిన అమ్మాయి చూసి, "మాస్టారూ, ఇక్కడ ముగ్గురున్నారండీ!" అంది. ఇంకొంచెం నిదానంగా చూడమ్మా అన్నాను. వాటి మధ్య ఇంకో మసక చుక్క కూడా ఉంది, కానీ అది వీళ్ల పరివారం కాదు, ఎంతో వెనకున్నది. వశిష్ఠుడూ అరుంధతీ మనకు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు.

9. పుస్తకాల్లోని రంగులు కంటికి కనబడవు. ఓరియన్ నీహారిక బూడిదరంగు పొగలా ఉంటుంది, దాని నడుమ నాలుగు చిన్న నక్షత్రాలు. కృత్తికలు, మన పల్లెల్లో పిల్లల కోడి అనేవి, 28 రెట్లలోనే అందం. మసకవాటిని సూటిగా కాక కాస్త పక్కకు చూడండి, కంటి చివర చూపు చీకట్లో బాగా పనిచేస్తుంది. ముందుగా అరగంట చీకట్లో కూర్చోండి, ఫోను లోపలే పెట్టేయండి.

10. విదేశీ పుస్తకాల జాబితాల దగ్గరే ఆగిపోవద్దు. లండన్‌లో అసలు ఉదయించని ఒమేగా సెంటారి మనకు హాయిగా కనబడుతుంది. మే నెలలో రాత్రి పది ప్రాంతంలో చిత్త నక్షత్రం నుంచి నిలువుగా దక్షిణానికి దిగండి. నంద్యాలలోనైతే అది దిక్చక్రానికి మూడు పిడికిళ్ల ఎత్తుకు కాస్త తక్కువలో ఉంటుంది, చేయి చాచి కొలవండి. లక్షలాది నక్షత్రాల ఉండ అది, దూరం సుమారు 17 వేల కాంతి సంవత్సరాలు. మన కటకంలో నక్షత్రాలుగా విడిపోదు, పెద్ద గుండ్రటి వెలుగు మరకలా నిలుస్తుంది. బహుళ పక్షం చివరి వారంలో, దక్షిణాన ఊరి దీపాలు లేని పొలం గట్టు చూసుకుని వెళ్లండి.