సున్తీకి ముందు అడగవలసిన ప్రశ్న

మన ఇళ్లలో పిల్లవాడి సున్తీ సంతోషంగా జరుపుకునే కార్యం. అరుదుగా ఏ పిల్లవాడికో ఆ చిన్న గాయం నుంచి రక్తం ఎంతకూ ఆగదు. అప్పుడు మనం సున్తీ చేసినవారిని తప్పుపడతాం, దిష్టి తగిలిందంటాం, చివరకు తల్లిని నిందిస్తాం. అసలు కారణం హిమోఫీలియా అనే పుట్టుజబ్బు కావచ్చు.

ఇది కొత్త జబ్బు కాదు. దాదాపు వెయ్యేళ్ల క్రితమే అండలూసియా వైద్యుడు అల్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో, ఒక ఊరి మగవారు చిన్న గాయాలకే రక్తం ఆగక మరణించడం గురించి రాశారు. మగవారికే ఎందుకు?

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 అనే ప్రోటీన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. స్త్రీకి రెండు ఎక్స్‌లు. ఒకదానిలో లోపమున్నా రెండవది చాలావరకు ఆదుకుంటుంది. ఆమెను వాహకురాలు అంటాం. మగపిల్లవాడికి ఉండేది ఒకే ఎక్స్. అది తల్లి నుంచే వస్తుంది. అందులో లోపముంటే ఆదుకోవడానికి మరొకటి లేదు.

తల్లి వాహకురాలైతే ప్రతి కాన్పులోనూ, పుట్టేది కొడుకైతే జబ్బు వచ్చే అవకాశం సగం, కూతురైతే వాహకురాలయ్యే అవకాశం సగం. తండ్రికి జబ్బు ఉండి తల్లి వాహకురాలు కాకపోతే కొడుకులెవరికీ రాదు. కూతుళ్లందరూ వాహకురాళ్లే. అందుకే ఈ జబ్బు తాత నుంచి కూతురి మీదుగా మనవడికి చేరుతుంది.

దగ్గరి సంబంధాల వల్లనే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. పరాయి సంబంధం చేసుకున్నా వాహకురాలి కొడుకుకు రావచ్చు. అయితే జబ్బున్నవాడు తన వంశంలోని వాహకురాలినే పెళ్లాడితే ఆడపిల్లలకూ జబ్బు రావచ్చు.

కనుక సున్తీకి ముందు తల్లి తరఫు వారిని అడుగుదాం: పిల్లవాడి అన్నలకు, మేనమామలకు, తాతకు, పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులకు ఎవరికైనా రక్తం ఆగని బాధ ఉందా? పాకే వయసులో ఒంటిమీద నీలిమచ్చలు, మోకాళ్ల వాపు కనిపించాయా? ఉంటే ముందు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. జబ్బు ఉందని తేలినా, ఫ్యాక్టర్ ఇంజెక్షన్ల అండతో ఆసుపత్రిలో సున్తీ చేయించవచ్చు. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా వేయకూడదు.

సుమారు మూడోవంతు మందిలో కుటుంబంలో ముందెవరికీ ఈ జబ్బు ఉండదు. కాబట్టి ఎవరూ లేరన్నా, రక్తం ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం హిమోఫీలియాను వైకల్యంగా గుర్తించింది. ఆ ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవాలి.

తన రెండు ఎక్స్‌లలో ఏది బిడ్డకు చేరాలో ఏ తల్లీ ఎంచుకోలేదు. నిందించడం మాని ఆమెకు తోడుగా ఆసుపత్రికి నడుద్దాం.